పరేలు పిల్లల ఆసుపత్రి - పుట్టుపూర్వోత్తరములు

ఉగాది సంచికలో ఆసుపత్రి ఊసేమిటని చదువరులలో కొందరు అనుకొనవచ్చును. పంచాంగ శ్రవణము, నాలుగు పద్యములు, సంఘము వారి జమాఖర్చుల పట్టిక ఉండవలసిన చోట మందుల వాసన ఎందుకని అడుగవచ్చును. కాని బొంబాయిలో రెండు మూడు తరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలో పరేలు పిల్లల ఆసుపత్రి గడప తొక్కనివి బహు తక్కువ. మన పెద్దలు దానిని 'వాడియా' అని ఒక్క మాటలో అనేవారు. "బిడ్డను వాడియాకు తీసుకుపోయినారు" అంటే చాల్‌లోని ఇరుగుపొరుగులకు అంతా తెలిసిపోయేది; రెండో ప్రశ్న ఉండేది కాదు. ఆ వాడియా ఎవరు, ఆసుపత్రి అక్కడే ఎందుకు వెలసినది, ఎవరి సొమ్ముతో వెలసినది అన్న సంగతి మాత్రము మన పిల్లలకు కూర్చోబెట్టి చెప్పినవారు లేరు. మేము రైల్వే గుమాస్తాలము, చరిత్ర పండితులము కాము. సంవత్సరములు, అంకెలు సరిచూచుకొనుట మాకు వృత్తిచేత అబ్బిన అలవాటు గనుక, ఆ ధైర్యముతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నగరము పేరు 1995 నుంచి ముంబయి. మన ఇళ్ళలో నేటికీ బొంబాయే గనుక మేమును అట్లే వ్రాసెదము.

ముందు పరేలు సంగతి. బొంబాయి ఏడు దీవులు కలిసిన ఊరు. అందులో పరేలు ఒక దీవి. ఒకప్పుడు అది తోటల చోటు. గవర్నరుగారి బంగళా అక్కడే ఉండేది. 1854లో కావస్జీ దావరు అను పారసీ వర్తకుడు తాడ్‌దేవులో తొలి నూలుమిల్లుకు పూనుకొన్న తరువాత మిల్లులు ఒకటొకటిగా ఉత్తరముగా పాకినవి. మా రైల్వే వారి పరేలు వర్కుషాపు 1879 నాటిది. అదే 1879లో నౌరోజీ వాడియా బాంబే డైయింగు కంపెనీకి పునాది వేసినాడు. పొగగొట్టములు లేచినవి, చెరువులు పూడినవి, మురుగు నిలిచినది. 1882లో గవర్నరు ఫెర్గూసన్ దొరగారి భార్య కలరాతో మరణించినది. ఆ పిమ్మట గవర్నర్లు పరేలు విడిచి మలబారు కొండమీదికి వెళ్ళిపోయినారు. దొరలకు కొండ ఉన్నది, వెళ్ళినారు. మిల్లులో పనిచేయువాడు మాత్రము మిల్లు కూత వినబడేంత దూరములోనే ఉండవలెను గదా!

ఆ కూత వినబడే దూరములో మనవారును ఉన్నారు. తెలుగువారు బొంబాయికి మొదట రాళ్ళు మోసి, సున్నము కలిపి, మేడలు కట్టుటకు వచ్చినారు. వారిని కామాఠీలు అన్నారు. కామాఠీపుర అను పేట పేరు వారినుంచే వచ్చినది. ఆ పేట పేరు చెప్పుటకు నేడు కొందరు సంకోచింతురు గాని మాకు సంకోచము లేదు. పేరు పెట్టినది మన కూలీల చెమట. తరువాత కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల నుంచి పద్మశాలీలు వచ్చినారు. మిల్లు గుడ్డ వారి ఇంటి మగ్గమును పడగొట్టినది. మగ్గము పోయిన నేతగాడు ఆ మిల్లు గుమ్మములోనే కూలికి నిలబడినాడు. వరళి, లోయరు పరేలు ప్రాంతములలో మిల్లు గోడలను ఆనుకొని వారి సంసారములు సాగినవి.

ఆ సంసారములు ఎట్టివో చెప్పుటకు కొన్ని అంకెలు చాలును. 1921లో బొంబాయిలో నమోదయిన ప్రతి వెయ్యి జననములకు 666 మంది శిశువులు ఏడాది నిండకుండ చనిపోయినారు. మేము పొరపాటున సున్న ఎక్కువ వేయలేదు. ఆ అంకెనే ఇంటి గదుల లెక్కన విడదీసి చూచినవారున్నారు. నాలుగు గదులు, అంతకు మించి ఉన్న ఇండ్లలో వెయ్యింటికి 133. మూడు గదుల ఇండ్లలో 191. రెండు గదుల ఇండ్లలో 322. ఒకే గదిలోను, గదిలో వాటాలోను కాపురమున్నవారిలో 828. నగర జనాభాలో మూడింట రెండు వంతుల మంది ఆ ఒక్క గదిలోనే ఉండేవారు.

లెక్క తెలిసినవాడు ఇక్కడ ఒక అభ్యంతరము చెప్పును, అది న్యాయమైనదే. మిల్లు కూలీల ఆడవారిలో చాలమంది పురిటికి స్వగ్రామము వెళ్ళేవారు. జననము అక్కడి లెక్కలో చేరేది, బిడ్డను ఎత్తుకొని తిరిగి వచ్చిన పిమ్మట పోతే మరణము బొంబాయి లెక్కలో పడేది. అందువల్ల 666, 828 అను అంకెలు ఉన్నదానికంటె ఎక్కువ చూపుచున్నవి. సరే, తీసివేతలు ఎన్ని చేసినను ఒక గదికి, నాలుగు గదులకు మధ్యనున్న తేడా పూడేది కాదు. బిడ్డ బ్రతుకు గదులనుబట్టి ఉన్నది.

మరొక సంగతి ఇంకను బాధాకరము. తల్లి తెల్లవారకమునుపే మిల్లుకు పోవలెను. బిడ్డను చూచువారు లేరు. మిల్లులలో పసిపిల్లలను ఉంచు గదులు వేళ్ళమీద లెక్కింపదగినవి. అందుచేత 'బాల గోళీ' అని అంగడిలో అమ్మే చిన్న మాత్రను బిడ్డ నాలుకమీద వేసి పోయేవారు. అందులో ఉన్నది నల్లమందు. బిడ్డ రోజంతా నిద్రపోవును, ఏడువదు, ఆకలి అనదు. 1922లో డాక్టరు బార్న్సు అను ఒక వైద్యురాలు విచారించి, మిల్లులలో పనిచేయు స్త్రీల శిశువులలో నూటికి 98 మందికి ఈ నల్లమందు పడుచున్నదని తేల్చినది. ఈ తల్లులను నిందించువారిని మేము ఎరుగుదుము. నాలుగు గదుల ఇంట కూర్చొని నిందించుట సులభము. అట్టి తల్లి ఎదుట ఉన్న దారులు రెండే: పని మానుట, లేదా బిడ్డను నిద్రపుచ్చుట. పని మానితే తల్లికి, బిడ్డకు ఇద్దరికీ ఆకలి.

ఇక వాడియాల కథ. వీరు సూరతు నుంచి వచ్చిన పారసీలు. 1736లో లవ్‌జీ నసర్వాన్‌జీ అను వడ్రంగిని ఈస్టిండియా కంపెనీ వారు ఓడలు కట్టుటకు బొంబాయికి పిలిపించినారు. ఆయన వంశమువారు ఓడలు కట్టి పేరు పొందినారు. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన 'ట్రింకోమలీ' అను యుద్ధనౌకను నేటికీ ఇంగ్లాండులో చూడవచ్చును. ఆవిరి ఓడలు వచ్చి ఆ విద్యకు గిరాకి తగ్గినది. మన నేతగాని కథ వంటిదే, కాని వడ్రంగి మనుమలు మిల్లు యజమానులయినారు. నేతగాని మనుమలు మిల్లు కూలీలయినారు. నౌరోజీ వాడియా 1899లో మరణించినాడు. ఆయన భార్య జెర్‌బాయి. పారసీలలో ఇల్లు లేనివారికి చవుక అద్దె మీద 'బాగు' లను పేర ఇళ్ళ సముదాయములు కట్టించిన ఉదారురాలు. కుమారులు ఖుస్రూ వాడియా, నెస్ వాడియా మిల్లులను పెంచి సర్ బిరుదులు పొందినారు.

తండ్రి పేర నౌరోజీ వాడియా ప్రసూతి ఆసుపత్రి 1926లోను, తల్లి పేర బాయి జెర్‌బాయి వాడియా పిల్లల ఆసుపత్రి 1929లోను పరేలులో వెలసినవి. బాగులు పారసీలకే, ఈ రెండు ఆసుపత్రులు మాత్రము ఏ కులమువారికైనను, ఏ మతమువారికైనను. వాటిని వాడియా కుటుంబము ఒంటిచేతితో నడపలేదు. కుటుంబము వారి ధర్మనిధి, ప్రభుత్వము, నగరపాలక సంస్థ ముగ్గురు కూడి నడుపు ఏర్పాటు జరిగినది. ఈ మూడుకాళ్ళ పీట సంగతి ముందు గుర్తుంచుకొనవలెను, దాని మాట మళ్ళీ వచ్చును.

1929 ఎట్టి సంవత్సరము? అంతకు ముందటి ఏడాది బొంబాయి మిల్లు కార్మికులు ఏప్రిలు నుంచి అక్టోబరు దాక సమ్మె చేసినారు. 1929లో మళ్ళీ సమ్మె. నగరములో మతకలహములు. ఆ 1929లోనే బొంబాయి ప్రసూతి సహాయ చట్టము అమలులోనికి వచ్చినది. పురుడు పోసుకొన్న కూలి స్త్రీకి పనిలేని కాలమునకు కొంత సొమ్ము ఇవ్వవలెనని మన దేశములో మొదట చెప్పిన చట్టము అదే. ఎన్. ఎం. జోషీ 1924లో ఢిల్లీ శాసనసభలో ఇట్టి బిల్లు తెచ్చి నెగ్గించుకొనలేకపోయినాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో డాక్టరు అంబేద్కరు దానిని బలపరచి, తల్లికి విశ్రాంతి ఇచ్చుట జాతికే లాభమని వాదించినాడు.

కనుక ఆసుపత్రి కేవలము దాతల దయవల్ల ఆకాశమునుంచి ఊడిపడినదని చెప్పుట మాకు నచ్చదు. మిల్లు సొమ్ముతో కట్టిన ఆసుపత్రియే గనుక అందులో కార్మికుల కష్టము ఇటుకకొక పాలు ఉన్నది. అట్లని వాడియా సోదరులను తక్కువ చేయుటయు న్యాయము కాదు. ఆ కాలమున అంత సొమ్ము సంపాదించిన మిల్లు యజమానులు చాలమంది ఉన్నారు. పిల్లలు చనిపోవుచున్న చోటనే పిల్లల ఆసుపత్రి కట్టినవారు వీరు. కొండమీద కట్టలేదు, కోటలో కట్టలేదు. మిల్లు గేటు నుంచి తల్లి బిడ్డను చంకనెత్తుకొని నడిచి రాగలిగినంత దూరములో కట్టినారు. మాకు ఆ సంగతి సొమ్ముకంటె పెద్దదిగా తోచుచున్నది.

అసలు పిల్లలకు వేరే ఆసుపత్రి ఎందుకని నాడు వైద్యులలోనే అడిగినవారున్నారు. లండనులో గ్రేటు ఆర్మండు వీధి ఆసుపత్రి 1852లోను, అమెరికాలో బోస్టను పిల్లల ఆసుపత్రి 1869లోను వెలసినవి. మన దేశములో మాత్రము పిల్లలు పెద్దల వార్డులలో ఒక మూల పడి ఉండేవారు. పెద్దవానికి ఇచ్చు మందులో పాలుతీసి పిల్లవానికి పోయుట వాడుక. పిల్లవాడు చిన్న సైజు పెద్దమనిషి కాడు. వాని ఒంటిలో నీటి పాలు వేరు, ఎముక వేరు, జబ్బు నడచు తీరు వేరు. ఉదయము విరేచనములు పట్టిన చంటిబిడ్డ సాయంకాలమునకు కన్ను తేలవేయును. పైగా నొప్పి ఎక్కడో చెప్పలేడు. ఈ విద్యను మన దేశములో ప్రత్యేక శాస్త్రముగా నిలబెట్టిన తొలివారిలో డాక్టరు జార్జి కొయెల్హో ఒకరు. ఆయన ఈ పరేలు ఆసుపత్రికి చెందినవారే. కలకత్తాలో 1948లోను, బొంబాయిలో 1950లోను వేరువేరుగా పుట్టిన శిశువైద్యుల సంఘములు 1963లో కలిసి నేటి అఖిల భారత అకాడమీ అయినవి.

ఇక్కడ మన తెలుగువారికి తప్పక చెప్పవలసిన కథ ఒకటి ఉన్నది.

పిల్లల ఆసుపత్రి ఉన్న వీధి పేరు ఆచార్య దోండే మార్గము. ఆ వీధిలోనే హాఫ్‌కిన్ సంస్థ ఉన్నది. గవర్నర్లు విడిచిపోయిన పాత బంగళా అదే. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చిన తరువాత, టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ దొరగారి ప్రయోగశాలను 1899లో అందులోనికి మార్చినారు. 1928లో లూసీ విల్సు అను ఇంగ్లీషు వైద్యురాలు ఆ సంస్థకు వచ్చినది. బొంబాయిలో పేద గర్భిణీ స్త్రీలు ఎందుకు పాలిపోయి, నెత్తురు లేక మరణించుచున్నారో తెలుసుకొనుట ఆమె పని. వారిలో మిల్లు కూలీలు ఉన్నారు, ఘోషా స్త్రీలు ఉన్నారు. సూక్ష్మజీవి ఏదైనా కారణమేమో అని వెదకినది, దొరకలేదు. తిండి చూచినది. చివరకు ఈస్టు పిండి నుంచి తీసిన 'మార్మైటు' అను ముదురు చారు వంటి పదార్థము ఇచ్చి చూడగా స్త్రీలు కోలుకొన్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించినది. ఈస్టులో ఉన్న ఆ వస్తువు ఏమిటో తెలియక కొంతకాలము దానిని విల్సు పదార్థము అన్నారు. 1941లో పాలకూర నుంచి దానిని వేరుచేసి, ఆకునుంచి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లము అని పేరు పెట్టినారు.

పేరు పెట్టినారు గాని చాలినంత చేయుట ఎట్లో తెలియదు. ఆ పని సాధించినది అమెరికాలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాల. దానికి నాయకుడు భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రాజమండ్రిలో, మద్రాసులో చదివి, అప్పుచేసి ఓడ ఎక్కిన మన తెలుగు బిడ్డ. ఆయన తోబుట్టువును స్ప్రూ అను విరేచనవ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము మందు అగుట విధి విచిత్రము. 1940ల నడుమ సుబ్బారావుగారి బృందము దానిని ప్రయోగశాలలో తయారు చేసినది.

కథ అక్కడితో ఆగలేదు. మన ఒంటిలో కొత్త కణము పుట్టవలెనంటే ఫోలిక్ ఆమ్లము కావలెను. నెత్తుటి కాన్సరులో కణములు అడ్డులేకుండ పుట్టుచుండును. బోస్టను పిల్లల ఆసుపత్రిలో డాక్టరు సిడ్నీ ఫార్బరు అట్టి పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు జాతి మందు ఇచ్చి చూడగా జబ్బు ముదిరినది. అయితే దానిని అడ్డగించు మందు ఇస్తే? సుబ్బారావుగారి బృందము చూచుటకు ఫోలిక్ ఆమ్లము వలెనే ఉండి, దాని పని మాత్రము చేయని పదార్థములను తయారు చేసి పంపినది. తాళములో దూరును గాని తిరుగదు, అసలు చెవికి చోటివ్వదు. అటువంటి దొంగ తాళపుచెవి. అమినోప్టెరిన్ అను ఆ మందును 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు కొంతకాలము వెనుకకు తగ్గినది. 1948 జూనులో ఫార్బరు ఆ సంగతి ప్రకటించినాడు. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లవానికి వైద్యుడు చేయగలిగినది ఏమియు లేదు. ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో, 53 ఏండ్ల వయస్సున, నిద్రలో మరణించినారు.

అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథొట్రెక్సేటు. నేడు రక్తకాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చు ముఖ్యమైన మందులలో అది ఒకటి. పరేలులోనే, పిల్లల ఆసుపత్రికి నడక దూరములో 1941లో తెరచిన టాటా స్మారక ఆసుపత్రిలో ఆ మందు పిల్లలకు ఇచ్చుచున్నారు. లేడీ మెహర్‌బాయి టాటా రక్తకాన్సరుతో మరణించుటయే ఆ ఆసుపత్రికి మూలమని చెప్పుదురు. పరేలు మిల్లు స్త్రీల పాలిపోయిన ముఖములలో మొదలయిన వెదుకులాట, భీమవరపు సుబ్బారావుగారి చేతులమీదుగా బోస్టను వెళ్ళి, మళ్ళీ పరేలుకే మందుసీసాగా వచ్చినది. ఏ తెలుగు తల్లి అయినా ఆ వార్డు బయట కూర్చొని ఉంటే ఈ సంగతి ఆమెకు చెప్పండి. జబ్బు తగ్గదు, కాని ఆ మందుమీద మన ఊరివాని చేయి ఉన్నదని తెలిస్తే కొంచెము ధైర్యము కలుగును.

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పెదము. టీకాల వల్ల మశూచి పోయినది, కంఠసర్పి తగ్గినది. 1971లో బంగాళాదేశ శరణార్థుల శిబిరములో డాక్టరు దిలీప్ మహలనబీసు ఉప్పు, చక్కెర కలిపిన నీరు త్రాగించి కలరా రోగులను బ్రతికించిన తరువాత ఆ పొట్లము ప్రతి పిల్లల వార్డుకు వచ్చినది. పరేలులో అతుక్కొని పుట్టిన కవలలను శస్త్రచికిత్సతో వేరుచేసినారు. 2017 డిసెంబరులో అట్టి శస్త్రచికిత్స జరిగినప్పుడు పత్రికలన్నియు వ్రాసినవి. 1921లో వెయ్యింటికి 666 అని చెప్పుకొన్నాము. 2020 నాటి లెక్కలో దేశము మొత్తము మీద అది 28.

మిల్లులు మాత్రము లేవు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున రెండున్నర లక్షల మంది కార్మికులు మొదలుపెట్టిన సమ్మె ఎన్నడును తీర్మానముగా ముగియలేదు. మిల్లులే ఒకటొకటిగా మూతపడినవి. ఆ నేలమీద నేడు అద్దాల మేడలు, అంగళ్ళు. మనవారు కొందరు స్వగ్రామములకు పోయినారు, కొందరు భివండిలో మరమగ్గములకు పోయినారు. మిల్లు సొమ్ముతో పుట్టి, మిల్లు పోయిన తరువాత కూడ నిలిచినది ఈ ఆసుపత్రి ఒకటి.

నిలిచినది గాని సుఖముగా నిలువలేదు. మూడుకాళ్ళ పీట అన్నాము గదా. 2020 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము, నగరపాలక సంస్థ ఇవ్వవలసిన గ్రాంటు బకాయిలమీద తగవు ముదిరి, కొత్త రోగులను చేర్చుకొనుట ఆగి, ఆసుపత్రి మూతపడునన్న మాట వినబడినది. ఉద్యోగులు వీధిలోనికి వచ్చినారు. సంగతి హైకోర్టుకు వెళ్ళినది. విగ్రహములకు సొమ్ము ఉన్నది గాని పిల్లల ఆసుపత్రికి లేదా అని న్యాయమూర్తులు ప్రభుత్వమును గట్టిగా ప్రశ్నించినారు. అప్పుడు సొమ్ము కదలినది. గ్రాంటు ఎవరు ఎంత ఇవ్వవలెనో, లెక్క ఎవరు తప్పినారో తీర్పు చెప్పుట మా పని కాదు. ఫైలు ఒక బల్లమీద నుంచి మరొక బల్లమీదికి పోవుటకు ఎన్ని నెలలు పట్టునో గుమాస్తాలమయిన మాకు చెప్పనక్కరలేదు. ఫైలు ఆగినప్పుడు పంచలో నిలబడి ఉన్నది ఎవరో మాత్రము బల్ల దగ్గరివారికి కనబడదు.

ఆ పంచలో ఇప్పటికీ మనవారు ఉన్నారు. రైల్వే ఉద్యోగుల కుటుంబములకు భైఖళాలో రైల్వే ఆసుపత్రి ఉన్నది. ఆ భాగ్యము లేని భివండి మగ్గము పనివారు థానాకు బస్సులో వచ్చి, లోకలు బండి ఎక్కి, పరేలులో దిగి, తూర్పువైపు మెట్లు దిగి నడచి వత్తురు. మరాఠీ రాదు, హిందీ అరకొర. కేసు పేపరు చేతబట్టుకొని ఏ గదికి పోవలెనో తెలియక నిలబడిన తల్లి కనబడితే, తెలుగులో ఒక్క మాట అడిగి వరుస చూపించి పొండి. కేసు పేపరు ఇచ్చు కిటికీ దగ్గర ఉదయము పెద్ద వరుస ఉండును. ముందుగా వచ్చుట మంచిదని ఆ తల్లులతో చెప్పండి.